గోడవతల ఊ

శ్రీకాకుళంలో అద్దెగదికి వచ్చి నాలుగు నెలలైనా, ఆఫీసు దాటితే ఉమాశంకర్‌కు మాట్లాడే మనిషి లేడు. గుండెదడ తగ్గడానికి డాక్టరు భ్రామరి ప్రాణాయామం చెయ్యమన్నాడు. రోజూ సాయంత్రం పలచటి గోడకు ఆనుకుని, బొటనవేళ్లతో చెవులు మూసుకుని, ఊఁ అంటూ తుమ్మెదలా ఊపిరి వదిలేవాడు. ఆ నాదం తలంతా నిండినంతసేపు గది ఖాళీగా ఉందని గుర్తుండేది కాదు. దడ తగ్గింది.

ఒకరోజు ఆలస్యమై మానేశాడు. మర్నాడు పక్కవాటాలో ఒంటరిగా ఉండే చేపల జగ్గమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏటి బాబూ, నిన్న ఊ కొట్టనేదు? ఒంట్లో బాగోనేదేటి?"

అతనికి అర్థం కాలేదు.

"మా ఆయన సంద్రం మీద ఏటకెల్లి తిరిగి రాని కత సెప్తన్నాను కదేటి, గోడవతల నుంచి! మావోళ్లందరికీ ఇసుగొచ్చీసినాది. నెల్లాళ్లుగా నువ్వొక్కడివే ఇంటన్నావు."

చెవులు మూసుకున్న సంగతి చెప్పబోయి ఆగిపోయాడు.

ఆ సాయంత్రం చెవులు మూసుకోకుండా కూర్చున్నాడు. గోడవతల పీట జరిగిన చప్పుడైంది.

"ఎందాకా సెప్పాను బాబూ?"

దడ మళ్లీ మొదలైంది.

"మొదటి నుంచి చెప్పమ్మా. నేనేమీ వినలేదు."

"ఇనకుండానే ఊ కొట్టీసినావేటిరా!"

అతను గోడకు చెవి ఆనించి, కథ మళ్లీ మొదలవుతుందేమోనని అలాగే కూర్చున్నాడు.