కిటికీ దగ్గర పెట్టిన మాట

మా మేనత్తకు మాటలు గుర్తుండవని నాటక సమాజంలో అందరికీ తెలిసిపోయింది. అది నాకు తలవంపులు, ఎందుకంటే నేను అక్కడ ప్రాంప్టర్‌ని. వేదిక పక్కన తెర చాటున పుస్తకం పెట్టుకుని కూర్చుని, మరచిపోయినవాళ్లకు మాట అందించడం నా పని. నిజానికి ఆ పుస్తకం అలంకారానికే. ఒక్కసారి చెవిన పడితే చాలు, నాటకం మొత్తం నాకు నోటికి వచ్చేస్తుంది. అందుకే అలా నోటికి రానివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అత్త మా సమాజం నాటకాలాడే థియేటర్‌లో, టికెట్ కౌంటర్లోనే ముసలిదైపోయింది. లోపల ఆట నడుస్తుంటే తలుపు సందులోంచి చూసేది. ఇన్నాళ్లకు, రిటైరయ్యాక, కొత్త నాటకంలో తల్లి వేషం దక్కింది. చివరి అంకంలో, కొట్టుకు చస్తున్న కొడుకునూ కూతుర్నీ నిలబెట్టి ఆ తల్లి చెప్పే నాలుగు మాటలే నాటకానికి ప్రాణం. అత్త సంబరానికి అంతు లేదు. తీరా చూస్తే ఆ నాలుగు మాటలూ బుర్రకెక్కవు.

ఇంట్లో ఎదురుగా కూర్చోబెట్టి వాక్యం చదివేదాన్ని. తిరిగి చెప్పేది. రెండోది చదివేసరికి మొదటిది గాలికి పోయేది.

"నువ్వు మనసు పెట్టి వినడం లేదు," అన్నాను ఒకరోజు విసుగ్గా.

"వింటూనే ఉన్నానే తల్లీ. కూర్చుంటే కాళ్లతో పాటు బుర్ర కూడా నిద్రపోతోంది."

"సాకులు చెప్పకత్తా."

ఆవిడ లేచి గిన్నెలు సర్దుకోసాగింది. గిన్నెను అరలో పెడుతూ, అప్పటిదాకా రాని వాక్యాన్ని తప్పు లేకుండా చెప్పేసింది. గరిటె తగిలిస్తూ ఇంకోటి. ఏదో గాలివాటంగా వచ్చిందనుకుని నేను పట్టించుకోలేదు.

వేదిక మీద రిహార్సల్స్ మొదలయ్యాక ఆవిడ దారిలో పడింది. తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి బీరువాకు నడుస్తూ గడగడా చెప్పేది. నా పోరు ఫలించిందని నేను తెగ మురిసిపోయాను. దర్శకుడికి మాత్రం నమ్మకం కుదరలేదు.

"ఏమీ అనుకోకండమ్మా. ఆదివారం పూర్తి రిహార్సల్. ఆరోజు ఆగిపోతే వేషం ఇంకొకరికి ఇస్తాను," అన్నాడు. ఆ ఇంకొకరిని సిద్ధం చేసి ముందు వరసలో కూర్చోబెట్టాడు కూడా.

ఆదివారం పొద్దున వడ్రంగి వచ్చి సెట్ బిగించాడు. హాల్లో స్తంభం అడ్డమొచ్చి కొందరికి కిటికీ కనిపించడం లేదని, దాన్ని ఎడమ గోడ నుంచి కుడి గోడకు మార్చాడు. కుర్చీని, బీరువాను కూడా అటూ ఇటూ జరిపాడు. ఎవరికీ చెప్పలేదు. అది చెప్పాల్సినంత విషయమని ఎవరనుకుంటారు?

చివరి అంకంలో అత్త లోపలికి వచ్చింది. తలుపు దగ్గర మొదటి వాక్యం చెప్పి ఎడమకు తిరిగింది. అక్కడ ఉత్త గోడ. అంతే, నోట మాట లేదు.

నేను అందించాను. చిలకలా పలికి ఆగిపోయింది. ఇంకోటి అందించాను. అదీ అంతే. దర్శకుడు చెయ్యెత్తి, "కాసేపు ఆపుదాం," అని ముందు వరసలో ఉన్న నటిని దగ్గరికి పిలిచాడు.

అత్త దగ్గరికి పరుగెత్తాను.

"ఏమైందత్తా? నిన్నటిదాకా బాగానే చెప్పావుగా."

"నిన్న కిటికీ ఇక్కడుంది," అంది ఆవిడ గోడను తడుముతూ. "ఆ మాట కిటికీ దగ్గర పెట్టుకున్నానే. కిటికీ పోతే మాట ఎక్కడుంటుంది?"

మతిపోయిందేమో అనుకున్నాను ఒక్క క్షణం. తర్వాత ఆ గిన్నె, ఆ గరిటె గుర్తొచ్చాయి. ఈ మనిషికి నేను ఒక్క ముక్క కూడా నేర్పలేదు. నేను చెవిలో దాచుకునేవన్నీ ఆవిడ గోడల దగ్గరా, కుర్చీల దగ్గరా దాచుకుంటోంది.

కిటికీని మళ్లీ పాత చోటికి మార్చమని వడ్రంగిని బతిమాలాను. మేకులు దిగిపోయాయి, సాయంత్రానికి గానీ కాదన్నాడు.

"అక్కర్లేదులే. నేనే మార్చుకుంటాను," అంది అత్త.

ఉత్త గోడ ముందు నిలబడి కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఒక వాక్యాన్ని గొణుక్కుంటూ వేదికకు అడ్డంగా నడిచి, కుడి గోడకున్న కిటికీ చెక్క మీద అరచేయి ఆనించింది. మళ్లీ వెనక్కి వెళ్లింది. కుర్చీ ఇదివరకు ఉన్న చోట వంగి, ఇంకో వాక్యంతో లేచింది. ఇల్లు మారేవాళ్లు సామాను మోసుకున్నట్టు ఒక్కొక్కటే మోసుకుపోతోంది. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషి. ఆ తలలో కాళ్లతో నడిచి తిరిగేంత ఇల్లు ఉందని నాకెన్నడూ తెలియదు.

పని పూర్తికాకముందే దర్శకుడు చప్పట్లు కొట్టి, "ఇంకొక్కసారి చూసి తేలుస్తాను," అని అందర్నీ పిలిచేశాడు.

అత్త మళ్లీ తలుపు దగ్గర మొదలుపెట్టింది. ఈసారి కుడికి తిరిగింది. "మీ నాన్న ఇక్కడే నిలబడి మిమ్మల్నిద్దర్నీ నా చేతుల్లో పెట్టాడు," అంది కిటికీ మీద చెయ్యి వేసి. కుర్చీ దగ్గరి మాటలు కూడా వచ్చేశాయి. ఇక మిగిలింది ఆఖరి మాట. అత్త బీరువా దాకా వెళ్లి నిలబడిపోయింది.

నాకు అర్థమైంది. ఆ ఒక్కటీ మార్చుకోలేదు. ముందు వరసలో నటి లేచి నిలబడింది. మాట నా నాలుక చివరే ఉంది. పళ్లు బిగించి దాన్ని ఆపుకున్నాను. తెర చాటు నుంచి చెయ్యి చాపి, నిన్నటిదాకా బీరువా ఉన్న ఖాళీ మూలను చూపించాను.

అత్త అటు చూసింది. నింపాదిగా ఆ మూలకు నడిచింది. "నేను పోయాక మీకు తీర్పు చెప్పేవాళ్లుండరు," అంది వెనక్కి తిరిగి. "నా ఎదటే తేల్చుకోండి."

నటి మెల్లగా కూర్చుంది. దర్శకుడు వేదిక దగ్గరికి వచ్చాడు.

"వేషం మీదేనమ్మా," అన్నాడు. "ఆ మూలకు ఎందుకెళ్లారో తెలీదు గానీ, ఆటలో కూడా అలాగే వెళ్లండి."

అందరూ టీకి వెళ్లారు. అత్త అవతలి మెట్ల దగ్గర నా కోసం ఆగింది. నేను పుస్తకం తీసుకుని వేదిక దాటబోయి ఆగిపోయాను. చెక్కలు, మేకులు, కాస్త రంపపు పొట్టు తప్ప నా కంటికేమీ కనబడలేదు. అయినా అడ్డంగా నడవడానికి కాళ్లు రాలేదు. గోడవారగా చుట్టూ తిరిగి వెళ్లాను.

"తిన్నగా రాక ఆ తిరుగుడేంటే?" అంది అత్త.

"నీ మాటలు తొక్కుతానేమోనని."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"కుర్చీ దగ్గర మాత్రం చూసి నడువు," అంది. "అక్కడిది ఇంకా కుదురుకోలేదు."