పడవ మీద కత్తెర

మా పాలెం నుంచి తారురోడ్డు మూడు కోసుల దూరం. మూడు కోసులూ ఇసకే. ఆ ఇసక మీదుగా రోడ్డు వేయిస్తానని నరసింగరావు గారు గంగమ్మ పండక్కి వచ్చినప్పుడల్లా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పేవాడు. ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడంటే ఆ చేత్తో చేసే పనేమీ లేదని మాకు అర్థమయ్యేసరికి ఆయన రెండుసార్లు ఎమ్మెల్యే అయిపోయాడు. ఓట్ల పెట్టె ఏటికి అవతల ఉండేది. మా వాళ్లెవరూ ఏరు దాటి ఓటేసిన పాపాన పోలేదు. ఓట్లు లేని ఊరికి రోడ్డెందుకని ఆయన లెక్క. లెక్క తప్పని ఎవడూ అనలేడు.

నేను పుట్టింది పాలెంలోనే. సముద్రమంటే భయం కాబట్టి సాలూరు వెళ్లి లారీ డ్రైవర్నయ్యాను. మా ఆవిడ అమ్మడు మాత్రం పాలెం వదల్లేదు. ఆమె పెద్దన్న గంగులు కథే ఇది. నాకు బావ. చిన్నన్న అప్పలసూరి. ఆ అప్పలసూరి ఉన్న పడవ అరవై ఆరు వానాకాలంలో ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తిరగబడింది. ప్రాణం ఉండగానే పైకి లాగారు. మంచం మీద వేసుకుని ఇసకలో పరుగెత్తారు. తారురోడ్డు కనిపించే లోపల పోయాడు. ఆస్పత్రికి మోసుకెళ్లిన మంచాన్నే మళ్లీ ఊరికి మోసుకొచ్చారు.

ఆ సాయంత్రం మా అత్త దేముడమ్మ తన వక్కల సంచిలోంచి సున్నం తీసి ఆ పడవ ముక్కు మీద ఒక గీతకి అడ్డంగా ఇంకో గీత పెట్టి కత్తెర గీసింది. మా పాలెం ఆచారం అది. మనిషిని మింగిన పడవ మీద ఇంటి పెద్ద కత్తెర గీత పెడితే ఆ పడవ చచ్చినట్టు. ఇక దాన్ని ఎవరూ నీళ్లలో దింపరు, చెయ్యి కూడా వెయ్యరు. ఇసకలో పడి చివికిపోవాల్సిందే. బతికున్న పడవ మీద పిల్లలు ఆటకి అలాంటి గీత గీసినా వీపులు చిట్లిపోతాయి.

పెద్దకర్మ అయ్యాక గంగులు నరసింగరావు గారింటికి వెళ్లాడు. వెంట నేనూ వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. మేం కింద నిలబడ్డాం.

"రోడ్డుంటే మా తమ్ముడు బతికేవోడు బాబూ" అన్నాడు గంగులు.

"పాపం" అన్నాడాయన. "మీ పాలెంలో ఓట్లెన్ని పడ్డాయిరా గంగులూ, కిందటి మాటు?"

ఆయన వేపపుల్ల నోట్లోంచి తీసి ఉమ్మేశాడు.

"ముందు ఓట్లు సూపించు. అప్పుడు రోడ్డు సూపిస్తాను."

తిరిగొచ్చేటప్పుడు ఊరి మొదట్లో గంగులు ఒక్క మాటన్నాడు. "సూపిస్తాను రా లక్ష్ముడూ. ఆడికి ఓట్లు సూపిస్తాను."

అలా నిలబడ్డాడు మా బావ అసెంబ్లీకి, ఇండిపెండెంటుగా. చదివింది ఐదో తరగతి. ముందు శ్రీకాకుళం చుట్టూ కాళ్లరిగేలా తిరిగి ఓట్ల పెట్టె పాలేనికే వచ్చేలా చేయించాడు. తర్వాత గుర్తులు పంచేటప్పుడు పడవ అడిగి తెచ్చుకున్నాడు. పడవ గుర్తు దొరికిందని చెప్పడానికి వచ్చి చెప్పలేక ఏడ్చేశాడు. పోటీలో ముగ్గురు మిగిలారు. నరసింగరావు గారు, మా గంగులు, జగన్నాధం అని నరసన్నపేట ప్లీడరు ఒకాయన. ఆ ప్లీడరు ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలియదు.

పాలెంలో పెద్దవల ఒడ్డున పరిచారు. దేముడమ్మ ముందుగా వల ముట్టుకుని ఒట్టేసింది. "నా ఓటు నా కొడుకు పడవకే. తప్పితే నా ఇంట్లో సేప ఉడకదు." తర్వాత ఊరు ఊరంతా ఒకరి వెనక ఒకరు ముట్టుకున్నారు. మా వాళ్లు దేవుడి మీద ఒట్టేసి తప్పుతారేమో గాని, వల మీద ఒట్టేసి తప్పరు.

సాలూరులో మా లారీ షావుకారుకి నరసింగరావు గారితో ఏదో పాత కక్ష ఉంది. లారీ తీసుకుపొమ్మన్నాడు. గంగులు పడవని పాలెం కుర్రాళ్లు తారురోడ్డు దాకా భుజాల మీద మోశారు. పసుపూ కుంకుమా పెట్టిన ఆ పడవని లారీ మీదకెక్కించి, నేను స్టీరింగు పట్టుకుని, కుప్పలు నూర్చేసిన వరి ఊళ్లన్నీ తిరిగాం. మొదట్లో రైతులు నవ్వారు. "ఈ మడుల్లో పడవెక్కి ఏ ఊరెల్తార్రా" అన్నారు. నవ్వనివాడు ఒక్కడే, అసిరయ్య. నాలుగు మళ్ల రైతు, ముసలివాడు. నరసింగరావు గారి పొలాలు తాగి తేన్చాక మిగిలిన కాలవ నీళ్లతో బతికేవాడు. అప్పలసూరి సంగతి విని తలపాగా విప్పి కళ్లు తుడుచుకున్నాడు.

"మాకు నీళ్లు రావు, మీకు ఇసక దాటే దారి నేదు. ఇద్దరికీ అడ్డం ఒక్కడే గదరా" అన్నాడు.

ఆ రోజు నుంచి పోలింగు దాకా అసిరయ్య తన పని మానేసి మా లారీ ఎక్కాడు. ఉత్తుత్తి ఓటు కాగితం ఒకటి, పడవ మీద ముద్రతో సహా గీయించుకుని, గడప గడపకీ వెళ్లి, ముసలమ్మల చెయ్యి పట్టుకుని చూపించేవాడు. "ఇదిగో అప్పా, ఈ పడవ మీద ముద్ర గుద్దాల. దీని మీద ఒక్క దాని మీదే. పక్కకి పోతే ఓటు మురిగిపోద్ది."

"మన పాలెంలో కూడా ఒక మాటు సూపిద్దుమా బావా" అన్నాను నేను.

గంగులుకి నవ్వొచ్చింది. "మా యమ్మకి నా ఓటు ఏయడం నాను నేర్పాలేటిరా? ఊళ్లు తిరగరా బాబూ. అడుక్కోవలసింది అక్కడ."

పోలింగు రోజున కూడా మేం వరి ఊళ్లలోనే ఉన్నాం. పాలెంలో ఆడా మగా అందరూ తలంట్లు పోసుకుని వరస కట్టి ఓటేశారని, ఒక్క ప్రాణీ మిగల్లేదని కబురొచ్చింది. గంగులు ఆ కబురు తెచ్చినవాణ్ణి కావలించుకున్నాడు.

లెక్కింపు శ్రీకాకుళంలో. గంగులూ నేనూ బల్ల ఇవతల బెంచీ మీద కూర్చున్నాం. అవతల నరసింగరావు గారి మనుషులు. అసిరయ్య ఊరి పెట్టె తెరిచారు. కాగితం తరవాత కాగితం, అన్నిటి మీదా పడవ నడుం మీద సరిగ్గా ముద్ర. పక్క ఊరూ అంతే. మధ్యాహ్నానికి నరసింగరావు గారి మనుషుల మొహాల్లో నెత్తురు చుక్క లేదు. ప్లీడరు గారు అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. పాలెం పెట్టె ఇంకా ఉంది. గంగులు నా చెయ్యి పట్టుకున్నాడు.

పాలెం పెట్టె తెరిచారు.

మొదటి కాగితం మీద నరసింగరావు గారి గుర్తు మీద ఒక ముద్ర, ప్లీడరు గారి గుర్తు మీద ఒక ముద్ర. మధ్యలో పడవ కడిగిన ముత్యంలా ఉంది. ఆఫీసరు "చెల్లదు" అని పక్కన పెట్టాడు. రెండోదీ అంతే. పదోదీ అంతే. చెల్లనివాటి కట్ట లేస్తోంది. పడవ మీద ఒక్క చుక్క సిరా లేదు, ఏ కాగితం మీదా. నాకేమీ అర్థం కాలేదు. గంగులు మాత్రం లేచి నిలబడి ఆ ముద్ర వంక చూస్తున్నాడు. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. కత్తెర. ఇన్నాళ్లూ అసిరయ్య చేతిలో అదే ముద్ర చూశాడు. వాడి కంటికి అది కాగితం. వాళ్లమ్మ కంటికి అది పడవ.

"బాబూ" అన్నాడు ఆఫీసరుతో. "ఆళ్లు నాకే ఏసినారు బాబూ. మా పాలెంలో బతికిన పడవ మీద ఆ గీత పెట్టరు. అది సావు గీత. ఒద్దన్నోళ్ల మీద పెట్టినారు. పడవని ముట్టుకోనేదు సూడండి. ముట్టుకోకపోడమే నాకు ఏసినట్టు."

ఆఫీసరు మంచివాడే. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ముద్ర ఎక్కడుంటే ఓటు అక్కడేనయ్యా. నేను మనసులు చదవకూడదు" అన్నాడు.

అంతటితో అయిపోతే మేలే. కట్ట అడుగున ఇంకో రకం కాగితాలు బయటపడ్డాయి. వాటి మీద ముద్ర ఒక్కటే ఉంది, నరసింగరావు గారి మీద. కోపం మరీ ఎక్కువున్నవాళ్లు ఆయన్నొక్కణ్ణే కొట్టారన్నమాట. కాగితం చిరిగేలా కొట్టారు. అవి చెల్లాయి. చెల్లి ఆయన ఖాతాలో పడ్డాయి. ఆయన గెలిచింది ఆ కాగితాలతోనే.

బయట మెట్ల మీద పూలదండల్లోంచి నరసింగరావు గారు మమ్మల్ని చూసి ఆగాడు. "ఓట్లు సూపించమంటే సూపించేవురా గంగులూ. మీ పాలెపోళ్ల ఓట్లు నాకే సూపించేవు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పాలెం సారాకి అమ్ముడుపోయిందని సాయంత్రానికల్లా నరసన్నపేట సంతలో అనుకున్నారు.

లారీ తారురోడ్డు చివర ఆపేసరికి పాలెం అంతా అక్కడ నిలబడి ఉంది. ఆడవాళ్ల చేతుల్లో పసుపునీళ్ల పళ్లేలు. చేపల బుట్ట దించకుండానే పరుగెత్తుకొచ్చిన బుల్లమ్మ ముందుగా అందుకుంది. "ఒరే గంగులూ, ఇద్దరినీ కొట్టేసినామురా. నీ పడవని మాత్తరం గోటితో కూడా తాకనేదు. పెట్టె కాడ కూకున్న ఆ బడిపంతులు, మా ఓటు పడవకంటే, పడవ మీద గుద్దమంటాడు, మా సేత ఆ పాపం సేయిద్దామని."

"పంతులు నరసింగరావు మనిషే" అంది దేముడమ్మ. "నాకు తెలవదేటి. నాను ఒక్కడినే కొట్టేనురా అయ్యా. ఆ ప్లీడరు బాబు మనకేటి సేసినాడు పాపం. నా సూరిగాడిని సంపినోణ్ణే కొట్టేను. కాగితం సిరిగిపోనాది." ఆమె కుడిచెయ్యి పైకెత్తి చూపించింది. "ఈ సేత్తో. గెలిసినామా?"

గంగులు ఆ చెయ్యి వంక చూశాడు. చెప్పెయ్యరా, చెప్పెయ్యి, మళ్లీ ఎన్నికలకైనా పనికొస్తుంది అని లోపల అరుస్తున్నాను.

"నేదమ్మా" అన్నాడు గంగులు. "ఓడిపోనాము."

"ఎవులు ఏయనేదురా?"

వాడు సముద్రం వైపు తిరిగాడు. "మన పాలెం అంతా ఏసినాది. వరి ఊళ్లోళ్లే ఏయనేదు" అన్నాడు.

పళ్లేల్లో పసుపునీళ్లు ఇసకలో పారబోశారు. ఆడవాళ్లు రైతుల్ని తిట్టిన తిట్లు నేను మళ్లీ రాయలేను. నేను గంగుల్ని పక్కకి లాగి, ఇదేం పాపపు మాటరా అన్నాను. "మరేటి సెప్పమంటావురా? తమ్ముడిని సంపినోడికి అమ్మే ఓటేసినాదని సెప్పనా?" అన్నాడు. నా కోపం మాత్రం పోలేదు, ఇప్పటికీ పోలేదు. తల్లిని కాపాడుకోవడానికి అబద్ధం కావాలంటే లోకంలో ఎన్ని లేవు. మా కోసం నిలబడ్డవాళ్ల నెత్తినే పెట్టాలా?

వారం తిరక్కుండానే అసిరయ్య పాలెం వచ్చాడు. భుజాన కొత్త మినుముల మూట, మూడు కోసుల ఇసకా ఆ వయసులో నడిచి. గంగులు ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తున్నాడు. దేముడమ్మా, బుల్లమ్మా, మరో నలుగురు ఆడవాళ్లూ చేపలు ఎండేస్తున్నారు. అసిరయ్య మూట దించి దేముడమ్మకి దండం పెట్టాడు.

"ఓటెయ్యనోళ్ల గింజలు మాకొద్దు" అంది దేముడమ్మ.

అసిరయ్య తెల్లబోయాడు. "ఎవులు సెప్పేరమ్మా ఆ మాట? మా ఊరు ఊరంతా ఏసినాది. నాను ఈ సేత్తోనే పడవ మీద గుద్దినాను. మా ఇంటిదీ గుద్దినాది. ఊరోళ్లందరికీ ఇంటింటికీ తిరిగి నానే నేర్పేను, పడవ మీదే గుద్దండని. ఒక్కటి పక్కకి పోనేదు. సరిగ్గా పడవ నడుం మీద."

బుల్లమ్మ చేతిలో చేపలు జారి కింద పడ్డాయి.

"ఇన్నారా" అంది దేముడమ్మ. ఆమె గొంతు పెద్దది కాలేదు. "ఆడి నోటితో ఆడే ఒప్పుకున్నాడు. నా కొడుకు పడవ మీద కత్తెర ఏసి, ఊరందరి సేతా ఏయించి, ఇప్పుడు గింజలట్టుకొచ్చినాడు."

ఒక పిడికెడు ఇసక తీసి అతని ముందు పోసింది. మా పాలెంలో అంతకన్నా పెద్ద శాపం లేదు. మిగతా ఆడవాళ్లు కూడా ఒకరి తరవాత ఒకరు వచ్చి పోశారు.

అసిరయ్య గంగులు వైపు తిరిగాడు. "గంగులూ, నువ్వు సెప్పు నాన్నా. లారీ మీద నీ పక్కన కూకున్నాను గదా. నువ్వు సెప్పమన్నదే గదా సెప్పేను."

గంగులు చేతిలో సూది ఆగింది. కళ్లలోంచి నీళ్లు వల మీద పడుతున్నాయి. ఆ నీళ్లు చూసి ఆడవాళ్లకి కోపం ఇంకా పెరిగింది. వాడు తల ఎత్తలేదు. కాసేపటికి సూది మళ్లీ కదిలింది.

అసిరయ్యని తారురోడ్డు దాకా నేనే దిగబెట్టాను. సగం దారిలో ఆగి అడిగాడు. "ఏయవలసింది పడవ మీదే గదా, లక్ష్ముడూ?"

"పడవ మీదే మావా" అన్నాను.

"మరి?"

ఎండకి ఇసక కాలుతోంది, అతని కాళ్లకి చెప్పుల్లేవు. మూట నేను మోస్తానని చెయ్యి చాచాను. అసిరయ్య దాన్ని రెండో భుజం మీదకి మార్చుకున్నాడు.

"ఒద్దురా. మీ పాలెపోళ్లు ముట్టక్కర్నేదు" అన్నాడు.