కృపాకుమారి టేకు

"లెవెల్ పెట్టేసి పో. ఉప్మా తర్వాత చేద్దువులే" అన్నాడు సురేంద్ర. అప్పుడే పోపు వేశాను. పొయ్యి ఆర్పి, చేతులు కొంగుకు తుడుచుకుని ఆయన రికార్డింగు గదిలోకి వెళ్లాను.

మా ఆయన గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్లకు కంప్యూటర్‌లో నకళ్లు తయారుచేసి అమ్ముతాడు. ఆంప్ లేకుండా ఎప్పుడో నేరుగా రికార్డు చేసిన వట్టి గిటార్ వాయింపును ఆంప్‌లోకి పంపి, బయటికొచ్చే ధ్వనిని కంప్యూటర్‌కు పట్టించాలి. పంపే సిగ్నల్ అచ్చం గిటార్ నుంచి వచ్చినంతే ఉండాలి. కాస్త ఎక్కువైతే ఆంప్ గరగరలాడుతుంది, తగ్గితే నీరసిస్తుంది, నకలు అబద్ధమైపోతుంది. మల్టీమీటరు పెట్టి ఆ కొలత చూసేది నేను. ఉరవకొండలో బోరు మోటార్లు బాగుచేసే మా నాయన పదేళ్లప్పుడే నా చేతికి మీటరిచ్చాడు. కొన్నవాళ్లు మెచ్చుకుంటే సురేంద్ర "నా చెవి అట్లాంటిది" అంటాడు. నాతో మాత్రం "మీ నాయన మోటార్లు కాదిది, జాగ్రత్త" అంటాడు.

ఆ వాయింపు, మా ఆయన మాటల్లో 'టేకు', కృపాకుమారిది. ఆయన మొదటి భార్య, మా పెళ్లికి ముందే చనిపోయింది. పామిడి చర్చిలో గిటార్ నేర్చుకున్న మనిషి. "దాని పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు" అని నా పెళ్లయిన వారానికే మా అత్త చెప్పింది. పేరెత్తకపోయినా నాలుగేళ్లుగా ఆమె వేళ్లను వింటూనే ఉన్నాను. ఒక తీగ మీంచి ఇంకో తీగకు పోయే ముందు ఆమె ఒక క్షణం ఆగుతుంది. అంట్లు తోముతున్నప్పుడు, మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నప్పుడు ఆ ఆగడం నా వెనకే వచ్చి నిలబడేది. ఎన్నడూ చూడని మనిషి కోసం వెనక్కి తిరిగి చూసేదాన్ని.

ఆ రోజు బెంగళూరు నుంచి కొత్త ఆంప్ వచ్చింది. చిన్న చప్పుడును కూడా అరుపు చేసే రకం. దాన్ని నాకు అప్పగించి సురేంద్ర బజారుకు పోయాడు. మేము రోజూ వాడే ఫైలును ఆయన ఎప్పుడో కత్తిరించి, శబ్దం పెంచి పెట్టుకున్నాడు. ఎంత చూసినా కొలత కుదరలేదు. అటక మీది పాత హార్డ్‌డిస్కులో అసలు ఫైలు వెతికి, లెవెల్ సరిచేసి పంపాను. వాయింపు మధ్యలో ఆగింది. తర్వాత ఆంప్‌లోంచి మాటలు వచ్చాయి. తీగల కింద ధ్వనిని పట్టే పికప్ వదులైన గిటార్‌లో, దగ్గర మాట్లాడిన మాటలు కూడా పడతాయి.

"ఊపిరాడల్యా... ఆస్పత్రికి పోదాం పా."

"ఈ ఒక్కటీ అయిపోనీ. ఊరికే గాబరా పడతావు."

"గుండె పట్టేసినట్లుండాది."

"ఇంకొక్కసారి వాయించు, కృపా."

రెండు తీగలు మోగాయి. మూడోది మోగలేదు.

ఫైలు మీది తేదీ చూశాను. మా పెళ్లి రిజిస్టరు చేయించేటప్పుడు ఆమె మరణ ధ్రువీకరణ పత్రానికి జిరాక్సులు తీయించింది నేనే. అదే తేదీ. "నేను హిందూపురంలో ఉంటి. వచ్చేసరికే పోయింది" అని పెళ్లిచూపులప్పుడు సురేంద్ర చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. ఆ కళ్లనీళ్లు చూసే నేను ఒప్పుకున్నాను.

ఆయన బజారు నుంచి తిరిగొచ్చాక అడిగాను. "టేకు చివర ఎవరో మాట్లాడతాండారు."

చెప్పులు విప్పుతున్నవాడు అలాగే ఆగాడు. "ఎవరూ ల్యా. అది కరెంటు హమ్ము. ఆ పాత ఫైలు తీసేయ్."

పాత ఫైలని నేను చెప్పనే లేదు.

మర్నాడు పొద్దున ఆ మాటలను నా ఫోన్‌లోకి ఎక్కించుకుని పామిడి బస్సెక్కాను. చర్చి దగ్గర అడిగితే కృపాకుమారి తల్లి మారెక్క ఇల్లు చూపించారు. చేటలో శనక్కాయలు వొలుస్తోంది. నేనెవరో చెప్పాను. ఆమె మొహం తిప్పుకుంది. ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాను. వొలిచే చేతులు ఆగిపోయాయి.

"నా బిడ్డ గొంతే. ఇంగోసారి పెట్టు" అంది. మూడుసార్లు పెట్టాను.

"నన్ను పిల్చింటే ఆటో కట్టుకోని వచ్చేదాన్ని కదమ్మా" అంది, ఎవరితోనో.

చేట పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "పోలీస్ స్టేషన్‌లో ఇస్తే నమ్ముతారా? ఆ మొగోని గొంతు వానిదేనని నేనంటే, బిడ్డ పోయిన బాధతో అంటాండాదంటారు. ఇంకెవరు చెప్తారు?"

"నేను చెప్తా" అన్నాను. "నాలుగేండ్లుగా ఆ గొంతుతోనే కాపురం చేస్తాండా."