ఐదున్నర శృతి

నేను ఒక కాళ్ళ హార్మోనియాన్ని. ఒళ్ళో పెట్టుకుని వాయించేవి వేరు. నేను బల్లలా నిలబడతాను. వాయించేవాడు నా ముందు కుర్చీ వేసుకుని, కింద పలకలు కాళ్ళతో తొక్కుతూ, రెండు చేతులూ పైనున్న తెల్లవీ నల్లవీ మెట్ల మీద ఆడించాలి. కాకినాడలో ముత్యాలాచారి అనే వడ్రంగి నన్ను టేకుతో చేసి, తోలుతిత్తి బిగించి, ఇత్తడి రీడ్లు ఒక్కొక్కటే అరగదీసి గొంతు నిలబెట్టాడు.

నన్ను మొదట కొన్నది ఒక నాటకాల కంపెనీ యజమాని. ఆయనకు సరిగమలు రావు గానీ, ఎవరైనా చుట్టాలొస్తే నా మెట్ల మీద వేలు పెట్టి కళ్ళు మూసుకునేవాడు. కంపెనీ మూతపడ్డాక ఒక భజన సమాజం చేతికి వెళ్ళాను. దేవుడికి శృతితో పని లేదని వాళ్ళ నమ్మకం. అక్కడినుంచి నన్ను విడిపించి సామర్లకోట తీసుకొచ్చినవాడు గవర్రాజు మాస్టారు. ఆయన వేళ్ళు తగిలిన రోజే నేనెందుకు పుట్టానో నాకు తెలిసింది.

సన్నటి మనిషి. పద్యనాటకం ఎక్కడున్నా రిక్షాలోనో బస్సు టాపు మీదో నన్ను వేయించుకుని వెళ్ళేవాడు. వాయించేటప్పుడు మెట్ల వంక చూసేవాడు కాదు. పక్కనుంచి పాడేవాళ్ళ భుజాల వంక చూసేవాడు. ఊపిరి ఎంత మిగిలిందో భుజాలు చెప్తాయనేవాడు. గొంతు అబద్ధమాడొచ్చు, భుజం ఆడదట.

ఆయన దగ్గరకు వరహాలు వచ్చేనాటికి ఆమెకు పందొమ్మిదేళ్ళు. చెలికత్తె వేషాలు వేసేది. ఒకసారి రిహార్సల్లో రాజు వేషధారి రాలేదని, ఊరికే నిలబడి ఉండడమెందుకని రాజు పద్యం తనే అందుకుంది. మాస్టారి కాళ్ళు ఆగిపోయాయి.

"ఈ పద్యం ఎవరు నేర్పేరమ్మా నీకు?"

"ఎవరూ నేర్పలేదండి. రోజూ వింటన్నాను గదండి."

"విన్నది బాగానే పట్టేవు. అర్థం పట్టలేదు. రాజు కోపంగా ఉన్నాడక్కడ. ముందు నన్ను కోప్పడు. పాట తర్వాత."

పెద్దాయన్ని కోప్పడడం ఆమెవల్ల కాలేదు. నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు నిజంగానే విసుగొచ్చి గట్టిగా అరిచింది. ఆ అరుపు ఆగకముందే ఆయన శృతి అందించాడు. పద్యం పెంకులు లేపేలా లేచింది. రెండేళ్ళు తిరిగేసరికి మీసం పెట్టి, కిరీటం పెట్టి రాజు వేషం కట్టేది వరహాలే. ఆడవాళ్ళలోనే కాదు, మగవాళ్ళలో కూడా ఆ ఎత్తులో పాడేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. కరపత్రాల మీద ఆమె పేరుకు ముందు 'ఐదున్నర శృతి' అని వేసేవారు. మనుషులు తమ పేరుకు ముందు ఏం వేసుకుంటారో దానికి బందీలైపోవడం నేను చాలాసార్లు చూశాను.

పాతికేళ్ళు పైగా వాళ్ళిద్దరూ స్నేహితుల్లా తిరిగారు. పద్యం గురించి పోట్లాడుకునేవారు, దారిలో ఆగి పెసరట్లు తినేవారు. ఆమె ఇంకెవరి హార్మోనియానికీ పాడేది కాదు.

నలభై ఏడో ఏట వరహాలు గొంతుకు ఆపరేషనైంది. ఆర్నెల్ల తర్వాత పిఠాపురంలో నాటకం ఒప్పుకుంది. తెర లేవకముందు నా దగ్గరకొచ్చి నిలబడింది. మీసం ఊడకుండా వేలితో అదుముకుంది.

"ఐదున్నరే గదా మాస్టారూ?"

"మరింకేంటి," అన్నాడాయన.

తెర లేచింది. ఆమె ముందుకు నడిచి జనం వైపు తిరిగింది. ఐదున్నరంటే నల్లమెట్టు. ఆయన వేలు దాని మీదికి వెళ్ళింది, ఒక్క క్షణం ఆగింది, పక్కనున్న తెల్లమెట్టు మీదికి జరిగింది. అది ఐదు, ఒక మెట్టు కింద. ఆమెకు తెలిసిపోతే పద్యం అక్కడే ఆగిపోతుంది. ఆమెకు తెలియలేదు. పాడింది. జనం ఈలలు వేశారు. లోపలికొచ్చి, "గొంతు మళ్ళీ వచ్చేసింది మాస్టారూ," అని ఏడ్చింది. ఆయన చేతిరుమాలుతో నా మెట్లు తుడుస్తూ తల ఊపాడు.

తర్వాత నాలుగున్నర. ఆ తర్వాత నాలుగు. ఆరేళ్ళలో మూడు మెట్లు దించాడు. ఇది మోసమో, దయో నాకు తెలియదు. నా పని పలకడం. తొక్కితే పలికాను.

ఒక వేసవిలో మాస్టారికి జ్వరం తగిలింది. పాలకొల్లులో పోటీలు. ఆమె మొదటిసారి ఆయన లేకుండా వెళ్ళింది. అక్కడి హార్మోనిస్టు ఆమె అడిగినట్టే అసలైన ఐదున్నర ఇచ్చాడు. రెండో పాదంలో గొంతు చీలిపోయింది. జనంలో ఎవరో నవ్వారట. మర్నాటి ఉదయం ఆమె తిన్నగా మాస్టారింటికి వచ్చింది. ఆయన మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"ఐదున్నర ఇవ్వండి," అంది.

"జ్వరంగా ఉందమ్మా. రేపు చూద్దాం."

"ఇవ్వండి."

ఆయన వచ్చి కూర్చున్నాడు. అలవాటైన చోటే వేలు పెట్టాడు. ఇంతకాలం ఎదురుగా నిలబడిన మనిషి ఆ రోజు పాడలేదు. చుట్టూ తిరిగి ఆయన వెనక్కి వచ్చింది. నల్లమెట్టు మీద ఉండాల్సిన వేలు తెల్లమెట్టు మీద ఉంది. ఆయన వేలు తియ్యలేదు. నేను పలుకుతూనే ఉన్నాను.

"ఎన్నాళ్ళనుంచి?"

"నీ ఆపరేషన్ అయిన కాణ్ణించి."

"ఊరందరికీ తెలుసా?"

"చెవులున్నవాళ్ళకి తెలుసు."

"నాకు చెవులు లేవనుకున్నారన్నమాట."

"పాడ్డం మానేస్తావని భయపడ్డానమ్మా."

"మానేదాన్నో లేదో నేను తేల్చుకోవాలి గదండి. మీరెవరు?" అని వెళ్ళిపోయింది.

రెండేళ్ళు ఆమె ఆ గుమ్మం తొక్కలేదు. నాటకాలూ వదిలేసింది. ఆయన కూడా ఎవరికీ వాయించలేదు. తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చి మాట, కుడిచెయ్యి పడిపోయాయి. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి చూశాను. వరహాలు వీధి గుమ్మం మెట్ల దగ్గర నిలబడి ఉంది. చెప్పులు విడిచింది. చాలాసేపు తలుపు వంక చూసింది. మళ్ళీ చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. నాలుగో రోజున మాస్టారు పోయారు.

సంస్మరణ సభ ఆదివారం పొద్దున పది గంటలకు టౌన్‌హాల్లో పెట్టారు. మాస్టారి భార్య భద్రమ్మ నన్ను పంపించింది. వాయించడానికి త్రినాథ్ అనే ముప్పై ఐదేళ్ళ హార్మోనిస్టు వచ్చాడు. కరపత్రం మీద 'ఐదున్నర శృతి వరహాలుగారిచే గురువుగారి జ్ఞాపకాలు, పద్యనివాళి' అని ఉంది. ఆమెకు చెప్పకుండానే వేసేశారు. హాలు నిండిపోయింది. ముందు వరసలో పోటీ నాటకాల వాళ్ళు కూర్చుని ఉన్నారు.

వేదిక పక్క గదిలో, నాకు రెండడుగుల దూరంలో, వరహాలు భద్రమ్మ చేతులు పట్టుకుంది.

"వదినా, ఆ రోజు గుమ్మం దాకా వచ్చేను."

"తెలుసమ్మా. ఆయన మంచం మీంచి చూసేడు."

"చూసేరా?"

"నిన్ను పిలవమని ఎడంచేత్తో నన్ను తోసేడు. నేను వీధిలోకొచ్చేసరికి నువ్వు మలుపు తిరిగిపోయేవు. కేకేసేను. వినపళ్ళేదేమో."

అప్పుడే మైకులో ఆమె పేరు పిలిచారు.

ఆమె వేదిక మధ్యకు నడిచింది. నన్ను పక్కనే పెట్టి ఉంచారు. త్రినాథ్ నల్లమెట్టు మీద వేలు ఉంచి, మైకు దగ్గరుందని చూసుకోకుండా, "ఐదున్నరే గదండీ అమ్మా?" అన్నాడు. హాలంతా విన్నది. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాయి. ముందు వరసలో ఒకాయన పక్కవాడి చెవిలో ఏదో ఊదాడు. త్రినాథ్ నా పలకలు తొక్కుతూ ఆమె వంకే చూస్తున్నాడు. ఆమె భుజాలు చూశాను. లేచాయి. దిగలేదు.

"నాలుగు ఇవ్వు బాబూ," అంది చివరికి.

"అమ్మా?"

"నాలుగు."

తర్వాత జనం వైపు తిరిగింది. "నా గొంతు ఐదున్నర అందుకుని ఎనిమిదేళ్ళయ్యిందండి. మాస్టారు నాకు చెప్పకుండా కిందికి దించి వాయించేవోరు. నేను అదే ఐదున్నరనుకుని మీసం మెలేసేదాన్ని. తెలిసేక ఆయన్ని అనరాని మాటలన్నాను. ఆఖర్న చూడ్డానికి వచ్చి, చూడకుండా వెళ్ళిపోయేను. ఆయన చేసింది తప్పే. నన్నడగాల్సింది. కానీ ఆయన భయపడ్డట్టే, అడిగుంటే నేను ఆ రోజే మానేసేదాన్ని. ఆ ఆరేళ్ళు ఆయనిచ్చినవి. ఇదీ నా జ్ఞాపకం."

వెనక వరసల్లో ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. త్రినాథ్ నాలుగు ఇచ్చాడు. ఆమె పాడింది. గొంతులో జీర ఉంది. మూడో పాదం చివర, పాతరోజుల్లో పైకి ఎగిరి ఆడే చోట, ఆమె ఆగింది. త్రినాథ్ అలవాటుగా పై మెట్లతో ఆ ఖాళీ నింపబోయాడు. ఆమె చెయ్యెత్తి వద్దంది. హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. ఆ ఖాళీ అలాగే ఉండనిచ్చి, ఊపిరి తీసుకుని, నాలుగో పాదం మెల్లగా చెప్పి చేతులు జోడించింది. ఎవరూ ఈల వెయ్యలేదు. 'వన్స్‌మోర్' అనలేదు. భద్రమ్మ మాత్రం కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

సభ తర్వాత ఆ నెలలో వరహాలు ఒప్పుకున్న సన్మానం ఒకటి రద్దయింది. నన్ను వరహాలుకు ఇస్తానంది భద్రమ్మ. ఆమె వద్దంది. "వాయించేవాడి దగ్గరుండాలి వదినా," అని త్రినాథ్‌కి ఇప్పించింది.

ఇప్పుడు నేను త్రినాథ్ ఇంట్లో ఉన్నాను. నా తిత్తికి రెండు చోట్ల అతుకులు పడ్డాయి, ఒక రీడు కాస్త మూలుగుతుంది. త్రినాథ్ ఆ రోజునుంచి ఎవరినైనా శృతి అడగాలంటే లేచి వాళ్ళ దగ్గరకు వెళ్ళి చెవిలో అడుగుతాడు. వరహాలు మళ్ళీ వేషాలు కడుతోంది, రాజు వేషం కాదు, రాజు తల్లి. ఒకే ఒక్క పద్యం ఉంటుంది. పోయిన నెల పెద్దాపురంలో త్రినాథ్ ఆమె దగ్గరకు వెళ్ళి అడిగాడు. ఆమె కాస్త ఆలోచించి, మూడు చాలంది.

అతను మూడే ఇచ్చాడు.