తుప్పు మొదటి క్యాసెట్

"మీరు రండి, టీ తాగండి, బ్యాటరీ కావాలంటే తగ్గించి ఇస్తాను. పాట మాత్రం అడక్కండి" అన్నాడు వీరేంద్ర.

కుసుమకుమారికి ఈ మాట కొత్త కాదు. గాజువాకలో అతని ఇన్వర్టర్ బ్యాటరీల షాపుకి రావడం, ప్లాస్టిక్ కుర్చీలో కూచోవడం, అతను కాదనడం, అతని భార్య రోజారమణి లోపల్నుంచి టీ తేవడం అలవాటైపోయింది. కుసుమ పోర్టు ఆఫీసులో పనిచేస్తుంది. ప్రమోషన్ ఫైలు మీద సంతకం కోసం కూడా ఇన్నిసార్లు ఎవరి చుట్టూ తిరగలేదు.

ఈ బ్యాటరీల వీరేంద్రే ఒకప్పుడు 'తుప్పు' బ్యాండ్‌కి గొంతు. తొంభైల చివర్లో ఉక్కునగరం క్వార్టర్ల కుర్రాళ్లు ఇద్దరూ, జాలరిపేట కుర్రాడొకడూ కలిసి పెట్టిన రాక్ బ్యాండ్ అది. సినిమా పాటలు వాయించం అని భీష్మించుకు కూచున్నారు. దాంతో పెళ్లివాళ్లూ పిలవలేదు, వినాయక చవితి పందిళ్లవాళ్లూ పిలవలేదు. నైట్ షిఫ్టు దిగి అన్నం తినకుండా పడుకున్న తండ్రి మీదా, ఉప్పుగాలికి చేతిలో పొడిపొడిగా రాలిపోయే కిటికీ ఊచల మీదా, ఆఖరి బస్సు తప్పిపోయిన కుర్రాడి మీదా పాటలు కట్టారు. గిటార్లు గరగరలాడేవి. పెద్దవాళ్లు విని, ఇది పాటా, పప్పు రుబ్బుతున్నారా అనేవారు. కాలేజీ పిల్లలు మాత్రం చెవి కోసుకునేవారు.

తెచ్చింది ఒక్కటే క్యాసెట్. డ్రమ్ములు వాయించే ఎల్లారావు ఇంట్లో, జాలరిపేటలో, టూ-ఇన్-వన్ టేప్‌రికార్డరు ఒకటి బల్ల మీద పెట్టి చుట్టూ కూచుని రికార్డు చేశారు. గాజువాక సెంటర్లో ఒక రికార్డింగ్ షాపతను దానికి కాపీలు తీసి అమ్మాడు. కుసుమ దగ్గర ఉన్నది అలాంటి కాపీయే. అప్పుడావిడ డిగ్రీ చదువుతోంది. హాస్టల్లో దుప్పటి ముసుగేసుకుని వినేది. సన్నగా, పదునుగా, వెనక ఎవరో తరుముతున్నట్టు పరిగెత్తే గొంతు. ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. కానీ ఆ గొంతు విన్నప్పుడు ఒంట్లో కలిగినది మళ్లీ దేనికీ కలగలేదు. ఈ ముక్క మొగుడితో కూడా చెప్పింది. ఆయన "సరే, కూరేంటి" అన్నాడు.

క్యాసెట్ వచ్చాక ఉక్కునగరంలో ఒక ప్రోగ్రామ్ పెట్టారు. జనం విరగబడి వచ్చారు. వీరేంద్ర మొదటి పాట ఎత్తుకోగానే "క్యాసెట్‌లోలా పాడు" అని కేకలు. కుసుమ కూడా గొంతు చించుకుని అరిచింది. అతను పైకి ఎత్తుకున్నాడు, ఇంకా పైకి ఎత్తుకున్నాడు. నాలుగో పాటలో గొంతు చీరుకుపోయి, దగ్గుకుంటూ స్టేజీ దిగిపోయాడు. డాక్టరు నెల రోజులు నోరు విప్పొద్దన్నాడు. నెల తర్వాత మాట వచ్చింది గాని క్యాసెట్‌లో గొంతు రాలేదు. పోయిందనుకున్నాడు, పాటకి దణ్ణం పెట్టేశాడు. బ్యాండూ అక్కడితో సరి.

"బాత్రూమ్‌లో కూడా పాడరండీ" అంది రోజారమణి, టీ కప్పు అందిస్తూ. "మా కీర్తన పుట్టినప్పుడు జోల కూడా నేనే పాడాను. నాదేమో గార్దభ స్వరం. ఈయన గుమ్మంలో నిలబడి వినేవారు. మీరు పాడండీ అంటే బయటికి వెళ్లిపోయేవారు."

వీరేంద్ర బ్యాటరీ మీద దుమ్ము తుడుస్తూ ఉండిపోయాడు. చివరికి, "ఆదివారం మీ అభిమానుల మీటింగులో ఆ కుర్రాడి క్యాసెట్ వేసుకోండి. వాడు అందులో బాగానే ఉన్నాడు కదా. నేనొచ్చి ఈ గొంతుతో పాడితే మీకు వాడు కూడా మిగలడు" అన్నాడు.

ఆ మాటకి కుసుమ టీ కప్పు కింద పెట్టేసి లేచింది. బయటికొచ్చి ఆటో స్టాండు దగ్గర నిలబడగానే సాయిశంకర్ ఫోన్ చేశాడు. మందుల కంపెనీ రెప్రజెంటేటివ్. తుప్పు అభిమానుల వాట్సాప్ గ్రూపుకి పెద్ద దిక్కు.

"అక్కా, ఏటన్నాడు?"

"ఏటంటాడు. పాడనన్నాడు."

"సర్లే. పోనీ ఎల్లారావుని అయినా తేగలవేమో సూడు. అలాగే ఆ పిల్లెవుర్తో కనుక్కో. ఆల్లింట్లోనే కదా రికార్డు సేసింది."

ఆ పిల్ల సంగతి చెప్పాలి. క్యాసెట్‌లో రెండో పాట అయిపోయి గిటారు ఆగగానే, ఒక ఆడపిల్ల గొంతు "అయిపోనాదేటి?" అంటుంది. అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని గ్రూపు మొత్తం ఏళ్ల తరబడి జుట్టూ జుట్టూ పట్టుకుంటోంది. వీరేంద్ర ప్రేమించిన పిల్ల అని సాయిశంకర్. ఎవరో ఆఫీసరు కూతురనీ, ఆవిడకి పెళ్లయిపోయాకే వీరేంద్ర గొంతు పోయిందనీ ఇంకొకరు. వీరేంద్రని అడిగితే, "ఎవరో, చాలామంది వచ్చిపోయేవాళ్లు" అని తప్పించుకున్నాడు. దాంతో అనుమానం కాస్తా ఖాయమైపోయింది.

మర్నాడు సెలవు పెట్టి కుసుమ జాలరిపేట వెళ్లింది. ఎల్లారావు తల్లి కాశమ్మ అరుగు మీద ఎండుచేపలు ఏరుతోంది. వీధి ఈ చివర నుంచి ఆ చివర మనిషిని పిలవగల గొంతు ఆవిడది, బొంగురు.

"ఆడు పారాదీప్‌లో ఉన్నాడమ్మా, బోటు మీద. ఇప్పట్లో రాడు" అంది. "కేసెట్టు తెచ్చినావేటి? ఎయ్యి, నానూ ఇంతాను. అప్పటి మిషను లోపలే ఉంది."

అలమర మీద తువ్వాలు కప్పి ఉంది ఆ టూ-ఇన్-వన్. కుసుమ తన క్యాసెట్ పెట్టి నొక్కింది. ఒక పాట అయింది, రెండోది అయింది. "అయిపోనాదేటి?" అంది ఆడపిల్ల.

కాశమ్మ పకపకా నవ్వింది. "అది నానే."

"మీరు కాదమ్మా. ఎవరో అమ్మాయి."

"అమ్మాయేటి, నానేనంతన్నాను కదా. పొద్దుగూకిపోనాది. సేపలు సర్దాల, అన్నం వొండాల. ఈల్లేమో ఇల్లంతా పరిసీసి వాయిత్తన్నారు. అయిపోనాదేటి అనడిగినాను. మద్దిలో మాటాడీసినావని ఎల్లిగాడు నా మీద ఎగిరినాడు కూడాను."

కుసుమ మర్యాదగా నవ్వింది. ఆ నవ్వులో నమ్మకం లేదని కాశమ్మకి ఇట్టే తెలిసిపోయింది.

"అబద్దం సెప్తే నాకేటొత్తాది?" అని లేచి, వంటింట్లో బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన క్యాసెట్ ఒకటి తీసింది. "ఇదీ అసలుది. ఆ కాపీల కొట్టోడు కొట్టు కట్టీసినప్పుడు ఎల్లిగాడు అడిగి తెచ్చీసినాడు. మల్లీ ఎయ్యనే లేదు, ఈరేంద్ర మీద బెంగెట్టుకున్నాడు. సెమ్మకి పాడైపోద్దని నానే బియ్యంలో ఎట్టినాను."

అదే మిషన్లో పెట్టారు. పాట మొదలవగానే మిషను పాడైందేమో అనుకుంది కుసుమ. గిటారు బరువుగా, నింపాదిగా మోగుతోంది. పాడేది ఎవరో పెద్దమనిషి. గొంతు లావుగా ఉంది. కుసుమ కంగారుగా ఆపబోయింది. కాశమ్మ చెయ్యి పట్టుకుని ఉండమంది. రెండో పాట చివర "అయిపోనాదేటి?" అని వినబడింది. పక్కన కూచున్న కాశమ్మ బొంగురు గొంతే అది, అణువంత తేడా లేదు.

కుసుమ మళ్లీ తన క్యాసెట్ వేసింది. ఆడపిల్ల. అసలుది వేసింది. కాశమ్మ. మిషను ఒక్కటే, మనుషులే మారిపోతున్నారు.

అప్పుడు అర్థమైంది. కాపీలు తీసిన షాపులో పాట వినిపించే మిషను కాస్త వేగంగా తిరిగేది. దాంతో ప్రతి కాపీలోనూ పాట పరుగెత్తింది, గొంతులన్నీ సన్నబడ్డాయి. వీరేంద్ర ఏనాడూ అలా పాడలేదు. లేని గొంతుని అందుకోమని వేలమంది అరిచారు, అతను అందుకోబోయి గొంతు చించుకున్నాడు. పోయిందనుకున్న గొంతు అతని దగ్గర ఎప్పుడూ లేదు. ఉన్న గొంతు ఎక్కడికీ పోలేదు.

"ఈరేంద్రబాబుకి అట్టుకెల్లిపో, మిషను కూడాను" అంది కాశమ్మ. "అన్నం ఎట్టినా తినకుండా పాడీవోడు. ఇప్పుడు పాడ్డం లేదంట కదా, ఎల్లిగాడు సెప్పినాడు."

గాజువాక బస్సులో టూ-ఇన్-వన్ ఒళ్లో పెట్టుకు కూచుంది కుసుమ. సంతోషించాల్సిన మనిషి. కానీ లోపల కుతకుత ఉడికిపోతోంది. ఈ క్యాసెట్ బయటపెడితే వీరేంద్రకి పాట తిరిగొస్తుంది, సరే. మరి ఆ కుర్రాడో? దుప్పటి ముసుగులో తన చెవిలో పాడిన కుర్రాడు, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా విసిగించని కుర్రాడు, ఉత్తుత్తివాడని తనే ఊరందరికీ చాటింపు వెయ్యాలా? ఇంటికి పోయి ఈ మిషన్ని అటక ఎక్కించేస్తే ఎవరడుగుతారు? ఆదివారం అందరూ కాపీ వేసుకుని, చప్పట్లు కొట్టి, బిర్యానీ తిని పోతారు. కాశమ్మ ఎవరికీ చెప్పదు.

తన స్టాపు వచ్చింది. దిగలేదు. ఆ తర్వాతి స్టాపులో కూడా దిగి వెనక్కి పోవచ్చు అనుకుంది. నిన్న దుమ్ము తుడుస్తూ 'వాడు అందులో బాగానే ఉన్నాడు కదా' అన్న మనిషి మొహం గుర్తొచ్చింది. ఎవరో లేనివాడి కోసం ఎదురుగా ఉన్నవాడు నోరు మూసుకు బతకడం ఏం న్యాయం అనిపించింది. తనని తాను తిట్టుకుంటూ గాజువాకలో దిగింది.

షాపులో వీరేంద్ర ఒక్కడే ఉన్నాడు. కుసుమ ఏమీ చెప్పకుండా మిషను బల్ల మీద పెట్టి, ప్లగ్గు గుచ్చి, నొక్కింది.

అతను కాసేపు విని మొహం చిట్లించాడు. "ఎవరిది? మా పాట ఎవరో పెద్దాయన పాడుతున్నాడే."

రోజారమణి లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గుమ్మంలోనే ఆగి వింది. "మీరే కదా" అంది.

"నేనేంటి?"

"మీరేనండీ. రోజూ వినే గొంతు నాకు తెలీదా? ఆ క్యాసెట్‌లో పాడే కుర్రాడెవరో నాకెప్పుడూ అంతుపట్టలేదు. ఇది మాత్రం మీరు."

అప్పుడు కుసుమ అంతా చెప్పింది. కాశమ్మ సంగతి, బియ్యం డబ్బా, రెండు క్యాసెట్లు. వీరేంద్ర ఆమె క్యాసెట్ ఒకసారి, అసలుది ఒకసారి వేసి విన్నాడు. కరెంటు సామాన్లతో బతికే మనిషి కాబట్టి అతనికి ఎక్కువ చెప్పక్కర్లేకపోయింది.

"గిటార్లు ఒకదాన్ని చూసి ఒకటి బిగించుకున్నాం. సరైన శ్రుతి ఏదో మాకేం తెలుసు" అన్నాడు నెమ్మదిగా. "అసలుది అప్పుడే షాపతనికి ఇచ్చేశాం, విననే లేదు. కాపీ విన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఎవరి గొంతైనా రికార్డులో వాళ్లకి కొత్తగానే ఉంటుందన్నారు. నిజమే కాబోలనుకున్నాను." అంతలో బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "అది తిరిగొస్తుందని ఎన్నేళ్లు చూశానో తెలుసా రోజా? పొద్దున్నే లేచి, మీరెవరూ లేవకముందు, వచ్చిందేమోనని చూసుకునేవాణ్ణి. నా దగ్గర ఎప్పుడుంది కనక రావడానికి?"

రోజారమణి అతని పక్కకి వచ్చి నిలబడింది. ఈ తెల్లవారుజాముల సంగతి ఆవిడకి కూడా ఇప్పుడే తెలిసింది.

కాసేపటికి అతను క్యాసెట్ వెనక్కి తిప్పి 'ఆఖరి బస్సు' పెట్టాడు. ముందు పెదాలతోనే కలిపాడు. తర్వాత గొంతు కలిపాడు. సగంలో మిషను ఆపేసి ఒక్కడే పాడాడు. ఎవరో బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కోసం వచ్చారు. రోజారమణి చేత్తోనే కాసేపు ఆగమంది. ఆ మనిషి మెట్టు మీద నిలబడిపోయాడు.

కుసుమ వింటోంది. బాగుంది. కాదనడానికి లేదు. గొంతులో బరువుంది, ఊపిరి వినబడుతోంది, ఎక్కడా తొందర లేదు. ఇన్నేళ్లూ ఆ పాటలో కుర్రాడు బస్సు తప్పిపోయి పరిగెడుతున్నాడనుకుంది. ఎవరి దగ్గరికో, బహుశా తన దగ్గరికే. వాడు పరిగెట్టడం లేదు. బస్సు ఎలాగూ వెళ్లిపోయింది కాబట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, తాపీగా ఇంటికి నడుస్తున్నాడు. పాట కట్టినవాడి మనసులో మొదట్నుంచీ నడకే ఉంది. తను ప్రేమించిన పరుగు ఒక షాపులో మోటారుది. ఇక ఇంటికెళ్లి తన క్యాసెట్ వేసుకున్నా అది మోటారులాగే వినబడుతుంది. పుట్టని మనిషి పోయినందుకు ఎవరి దగ్గర ఏడవాలో తెలియక అక్కడే, ప్లాస్టిక్ కుర్చీలో, కుసుమ ఏడ్చేసింది.

పాట అయిపోయింది. వీరేంద్ర ఆవిడ మొహం చూశాడు. అతని మొహం చేటంత అయింది.

"అయ్యో, ఏడవకండి కుసుమ గారూ. అంత బాగుందా?"

"చాలా బాగుంది" అంది కుసుమ.

"అయితే ఇంకోటి పాడనా?"

కుసుమ కొంగుతో కళ్లు తుడుచుకుని, కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది.

"పాడండి" అంది.