పత్తి కుప్పలో మిగిలిన నిప్పు

మా ఆయన గఫార్ పన్నెండు రోజులుగా డ్యూటీకి పోకుండా మంచానికి అతుక్కుపోతే నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై రెండేళ్లుగా ఫైర్ ఇంజన్ ఎక్కుతున్న మనిషి! ఇప్పుడేమో ఉద్యోగం మానేస్తానని కాగితం రాసిపెట్టుకున్నాడు. అన్నం పెడితే కెలికి లేచిపోతున్నాడు.

సంగతేమిటంటే, కేసముద్రం దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి కుప్ప అంటుకుంది. వీళ్లు పోయి ఆర్పారు. అయితే పైన మంట ఆరినా పత్తి లోపల నిప్పు గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. కుప్పంతా విప్పి, చెయ్యి పెట్టి వేడి చూడాలి. ఈయనకు తెలియదా? బాగా తెలుసు. కానీ ఆ రోజు అలసిపోయి, సగం కుప్పే విప్పించి, అయిపోయింది పదండన్నాడు. రెండు గంటలకు మళ్లీ మంట లేచింది. ఆర్పబోయిన వాచ్‌మన్ రవీందర్ చేతులు రెండూ కాలాయి.

నిజం చెప్పనా? ఆ కాగితం చూసి నేను మొదట సంతోషపడ్డాను. ఫోన్ మోగితే చాలు గుండె గుభేలుమనే బతుకు నాది. కానీ ఇన్ని రోజులు ఈయన వాడిపోయిన ముఖం చూశాక, ఆ భయమే నయమనిపించింది.

"అజీ, లేవుండ్రి. దవాఖానకు పోయి రవీందర్‌ను చూసొద్దాం."

"ఏ మొఖం పెట్టుకొని పోవాలె గౌసియా?"

"ఉన్న మొఖం పెట్టుకొనే! ఇంకోటి యాడికెళ్లి తెస్తరు?"

చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

రవీందర్‌కు మోచేతుల దాకా కట్లు. ఈయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. "తప్పు నాదే తమ్మీ. నౌకరి ఇడిచిపెడుతున్న," అన్నాడు.

"వారెవ్వా! నా చేతులు గిట్లయితే నువ్వు ఇంట్ల కూసుంటవా?" రవీందర్ గట్టిగానే అరిచాడు. ఈయన తల వంచుకున్నాడు. అది చూసి రవీందరే గొంతు తగ్గించాడు. "అన్నా, ఇగ జిందగీల నువ్వు ఒక్క కుప్ప గూడ సగంల ఇడువవు. గది నాకెరుక. నువ్వు పోతే, కొత్తగొచ్చేటోళ్లకు గీ సంగతి ఎవరు చెప్తరు? నాలెక్క ఇంకొకడు కాలాల్నా?"

ఈయన మంచం పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నేను ఆపలేదు. ఏడవనీ అనుకున్నాను.

తర్వాత నేను తెచ్చిన కిచిడీ ఈయన రవీందర్‌కు తినిపించబోతే అతను నోరు తెరవలేదు.

"ఎంత బక్కగైనవే అన్నా! ముందుగాల నువ్వు తిను."

ఒక చెంచా ఈయన, ఒక చెంచా అతను. గిన్నె ఖాళీ చేశారు. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు.

బయటికొచ్చాక ఆయన, "రేపు పొద్దుగాల డ్యూటీకి పోత," అన్నాడు.

"పోయి రాండ్రి," అన్నాను. భయం ఎక్కడికీ పోలేదు. కానీ ఇరవై రెండేళ్లలో ఆ మాట మనసారా అన్నది అదే మొదటిసారి.