కావాలని తన్నిన కాలు

బాలసుబ్రమణ్యంలో జ్ఞానాంబకు నచ్చని గుణాలు మొత్తం మీద మూడే. తడి తువ్వాలు మంచం మీద వేస్తాడు. చారులో కరివేపాకు ఏరి, పరీక్షకు పెట్టిన నమూనాల్లాగా కంచం అంచున వరసగా పేరుస్తాడు. ఈ రెండూ ఆమె ఏనాడో క్షమించేసింది. మూడోదాన్ని మాత్రం నలభై ఏళ్లుగా మనసులో ఊరబెట్టుకుంటూ ఉంది. ఆయన ఆమెను పదిమందిలో మోసగత్తెను చేశాడు.

అదీ ఒక్కసారి కాదు. వడమాలపేట హైస్కూల్లో బయాలజీ సారుగా ఉన్నన్నాళ్లూ, ఏటా వెన్నుపాము పాఠం రాగానే, "ప్రయోగంలో మోసం చేయగూడదురా. మా ఇంటామె కాలేజీలో ఏం చేసిందంటే..." అని అందుకునేవాడు. పిల్లలకు పాఠం గుర్తుండేది కాదు, కథ గుర్తుండేది.

సారు రిటైరైనా కథ కాలేదు. ఆ పొద్దున తిరుపతి బస్సు ఎక్కగానే కండక్టరు మునికుమార్, సారు పాత శిష్యుడు, టికెట్లు కొడుతూ నవ్వాడు.

"నమస్తే సార్. అమ్మా, జాగర్తగా కూసోండి. ముందు సీట్లో మనుసులుండారు, తన్నేరు!"

"నాయనా, నువ్వు పదిలో ఎన్నిసార్లు తప్పినావో నేను ఎవురికన్నా చెప్పినానా?" అంది జ్ఞానాంబ.

మునికుమార్ "రైట్ రైట్" అని అరుచుకుంటూ వెనక్కి పోయాడు. మామూలుగా అయితే ఈ మాటకు బాలసుబ్రమణ్యం పకపకా నవ్వేవాడు. నవ్వలేదు. నెల రోజులుగా ఆయన అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. చెప్పు జారిపోయినా తెలియడం లేదు. షుగరేమో పన్నెండేళ్ల పాతది. తిరుపతిలో నరాల డాక్టరుకు చూపించడానికే ఈ ప్రయాణం.

జ్ఞానాంబ కిటికీ వైపు తిరిగింది. బస్సు కదిలితే చాలు, ఆమె చిత్తూరు కాలేజీకి వెళ్లిపోతుంది.

జువాలజీ ల్యాబ్. ముక్కు మండించే ఫార్మలిన్ వాసన. సీసాల్లోంచి ఎటూ కాకుండా చూసే కప్పలు. లంగావోణీలో బల్ల అంచున కాళ్లు వేలాడేసి తను. మోకాలి కింద రబ్బరు సుత్తితో కొట్టాలి, కాలు ఎంత లేస్తుందో రాయాలి. ఆడపిల్ల మోకాలిని ఏ మగపిల్లవాడు కొట్టాలా అని క్లాసంతా తర్జనభర్జన పడుతుంటే, ఇమ్మానుయేల్ సారే తేల్చేశారు. "బాలసుబ్రమణ్యం ఆ పిల్లకు బావ గదా, వాడే కొడతాడు!"

బావ ముఖం గంభీరంగా పెట్టుకుని కొట్టాడు. కాలు కొంచెం కదిలింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే. ఈలోగా పక్కన నిలబడ్డ స్నేహితురాలు ఉమ్మే హబీబాకు నవ్వు ఆగలేదు. "నవ్వద్దే, సారు చూస్తాండాడు" అని గొణుగుతూ ఆమె జ్ఞానాంబ వేళ్లల్లో తన వేళ్లు మెలేసింది. నవ్వు బిగబట్టుకోవడానికి ఇద్దరూ పళ్లు కరుచుకుని చెరోవైపు లాక్కున్నారు. హబీబా చేతికి ముందు రోజు పెట్టుకున్న గోరింటాకు వాసన. సరిగ్గా అప్పుడే మూడో దెబ్బ పడింది. కాలు ఎగిరింది. బావ కళ్లద్దాలు వెళ్లి కప్పల సీసాల దగ్గర పడ్డాయి.

జ్ఞానాంబ రికార్డులో బావ రాశాడు: 'మూడవసారి కావాలని తన్నినది.' దాని కింద ఎర్ర సిరాతో సున్నా. ఆ తర్వాత ఆయన్నే పెళ్లి చేసుకుంది గానీ, ఆ రికార్డు పారేయలేదు. పెట్టెలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది.

తిరుపతి ఆస్పత్రిలో నరాల డాక్టరు జాహ్నవి కుర్రపిల్ల. బాలసుబ్రమణ్యాన్ని బల్ల అంచున కూర్చోబెట్టి మోకాలి కింద సుత్తితో తట్టింది. కాలు కదల్లేదు. మళ్లీ తట్టింది. కదల్లేదు. రెండో కాలూ అంతే. ముప్పై ఏళ్లు ఆ పాఠం చెప్పిన మనిషికి దాని అర్థం ఒకరు చెప్పక్కర్లేదు.

"సార్, రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా తగిలించుకోండి. నేను అనగానే చెరోవైపు గట్టిగా లాగండి."

జ్ఞానాంబకు హబీబా చేతి గోరింటాకు వాసన గుర్తొచ్చింది. తన వేళ్లు ఒళ్లో వాటంతటవే మెలిపడ్డాయి.

"లాగండి!"

కాలు ఎగిరింది. డాక్టరు చేతిలో కాగితాలు నేల మీద పడ్డాయి.

"అయ్యో, నేను తన్నలేదమ్మా!" అని గాభరాపడ్డాడు బాలసుబ్రమణ్యం.

"కావాలనే తన్నినాడు డాక్టరమ్మా," అంది జ్ఞానాంబ. "రాసుకోండి."

ఆయన భార్య వైపు చూడలేదు. "చేతులు లాగితే కాలికేమమ్మా? అది వెన్నుపాము పని గదా!" అన్నాడు. ఆనాడు ల్యాబులో, 'హబీబా చెయ్యి లాగుతాంటే కాలు దానంతటదే ఎగిరింది' అని జ్ఞానాంబ మొత్తుకుంటే ఆయన వాదించిందీ ఇదే మాట.

"వెన్నుపాము పనే సార్. కానీ అక్కడ నరాలు ఒంటరిగా ఉండవు. కాలును కదిలించే నరాన్ని ఆపిపెట్టేవి కొన్ని, ఉసిగొల్పేవి కొన్ని చుట్టూ ఉంటాయి. బస్టాండులో ఇంజన్ ఆపిన బస్సుకు కండక్టరు రైట్ అంటే ఏం కదుల్తుంది? ఇంజన్ ఆన్‌లో ఉన్నది అదే మాటకు దూకుతుంది. చేతులు బిగించి లాగితే కాలి నరాల ఇంజన్ ఆన్ అవుతుంది, పట్టి ఉంచిన బ్రేకు కాస్త సడలుతుంది. సరిగ్గా ఎట్లా అన్నది ఇంకా తేల్చుతూనే ఉన్నారు. మీ మోకాలి దారి తెగిపోలేదు సార్, మందగించింది. పాదాలకు వేరే పరీక్షలు చేద్దాం. షుగర్ మాత్రం అదుపులో పెట్టాలి."

తిరుగు ప్రయాణంలో మళ్లీ మునికుమార్ బస్సే దొరికింది. రేణిగుంట దాటేలోగా బాలసుబ్రమణ్యం రెండుసార్లు వేళ్లు తగిలించి, లాగి, వదిలేశాడు. జ్ఞానాంబ ఏమీ అడగలేదు. అడిగి చెప్పించుకునే మాటకు రుచి ఉండదని ఆమెకు తెలుసు.

"ఏం సార్, డాక్టరేమన్యాడు? అమ్మ డాక్టర్ని గూడా తన్నిందా?" అన్నాడు మునికుమార్ దగ్గరికొచ్చి.

బాలసుబ్రమణ్యం ముందు సీటు కడ్డీ పట్టుకుని లేచాడు. తరగతి గదిలో వినిపించే గొంతు బస్సంతా వినిపించింది.

"తన్నింది నేనురా. ఇంగ ఆ కత ఎవురికీ చెప్పొద్దు. ఆమె ఆ పొద్దు కావాలని తన్నలా. నేనే తప్పు రాసినాను."